పెరటి తోట: కర్తరికి ముందే వేరు దిగవలె

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మన పెద్దల మాట. చలి వెళ్లినది. కుండీలలోని పెట్యూనియా, పాన్సీ మొక్కలు కూడ దాని వెంటనే ప్రయాణము కడుతున్నవి. ఇంకొక నెలకు అవి ఎండుపుల్లలు. అప్పుడు కుండీలను మూలన బోర్లించి, "మా ఊరి ఎండకు పూలమొక్క నిలవదమ్మా" అనుకొని, మళ్లీ కార్తీకము వరకు ఆ ఊసే ఎత్తని ఇండ్లు మనలో చాల ఉన్నవి. మధుర, బళ్లారి, షోలాపురము, బరంపురము, యానాము – మనవారు తరతరాలుగా స్థిరపడిన ఊళ్లలో ఎండాకాలము చిన్నది కాదు. ఏడాదికి నాలుగు నెలలు పువ్వు లేని వాకిలితో సరిపెట్టుకోవలసినదేనా?

అక్కరలేదు. ఎండ అన్ని పూలకూ శత్రువు కాదు. దానిని కోరి పూచేవి ఉన్నవి. వాటి విత్తనాలు చవక. పెంచడానికి పెద్ద పెరడు కూడ అవసరము లేదు. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవలెను. ఎండ చంపేది మొక్కను కాదు, మొలకను. మొలక వేరు జానెడు లోతుకు దిగేవరకు కాపాడితే, ఆ తరువాత ఎండ దానికి అన్నము పెట్టే చేయి అవుతుంది. ఈ నెల శీర్షికలో చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణమే.

ఎండను కోరే పూలు

పువ్వు పుట్టిన దేశమేదో తెలిస్తే దాని స్వభావము సగము తెలిసినట్లే. పాన్సీ చల్లని ఐరోపా దేశాల పువ్వు. మన చైత్రము కూడ దానికి నిప్పుల కుంపటి. జినియా మెక్సికో దేశపుది. బిళ్లగన్నేరు మడగాస్కరు దీవిది. నాచుపూలు – కొందరు టేబుల్ రోజా అంటారు – బ్రెజిలు, అర్జెంటీనా ప్రాంతాలవి. బొగడబంతి, చంద్రకాంత అమెరికా ఖండపు ఉష్ణమండలములోనివి. వీటికి మన ఎండ పుట్టింటి ఎండ వంటిదే. కోడిజుట్టు పువ్వు, అనగా సీతమ్మవారి జడ, సంగతి చెప్పనే అక్కరలేదు. రాతినేలలోనైనా తల ఎత్తి నిలుస్తుంది.

మన బంతి కూడ మెక్సికో నుండి వచ్చినదే. పోర్చుగీసువారి ఓడల కాలములో మన దేశము చేరి, ఇక్కడి మట్టికి అలవాటుపడి, నేడు అది లేనిదే దసరా గుమ్మము నిండదు అన్నంతగా మనదైపోయినది.

నాచుపూలకు, బొగడబంతికి ఇంకొక విశేషమున్నది. మొక్క గాలి పీల్చుకోవడానికి ఆకుమీది సన్నని రంధ్రాలను తెరువవలెను. తెరిచినప్పుడల్లా లోపలి నీరు ఆవిరై పోతుంది. ఈ రెండింటి ఆకులు, రంధ్రాలు కొంచెమే తెరిచినా కావలసినంత ఆహారము తయారుచేసుకోగలవు. జొన్న, చెరుకు కూడ ఈ జాతి పొదుపరులే. అందుచేతనే మిగిలిన మొక్కలు వడలిన మధ్యాహ్నము కూడ బొగడబంతి నిటారుగా ఉంటుంది.

మొలక ఎందుకు చస్తుంది?

మే నెల మధ్యాహ్నము గాలి వేడి 40 డిగ్రీలు ఉన్నప్పుడు, నీడ లేని ఎండునేల పైపొర వేడి 55, 60 డిగ్రీలకు కూడ చేరుతుంది. మిద్దెమీద చెప్పులు లేకుండ నడిచినవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. అయిదారు అంగుళాల లోతున మాత్రము మట్టి చాల చల్లగా, కొంచెము తడిగా ఉంటుంది.

పెద్ద మొక్క వేరు ఆ చల్లని పొరలో ఉంటుంది. అక్కడి నీటిని తెచ్చి ఆకుల ద్వారా ఆవిరి చేసి తన ఒళ్లు తాను చల్లబరచుకుంటుంది. నిన్న మొలిచిన మొలక వేరు అర అంగుళము. ఆ అర అంగుళపు మట్టి ఉదయము పది గంటలకే పొడి అవుతుంది. లేత కాడ నేలకు తగిలేచోట మాడి, దారము కట్టి బిగించినట్లు సన్నబడి ఒరిగిపోతుంది. మనము చూచి నీళ్లు చాలలేదనుకొని ఇంకా పోస్తాము. మిగిలినవి కుళ్లి పోతవి.

పంచాంగమే మన గడియారము

మే నెల మొదటి వారములో డొల్లు కర్తరి వస్తుంది. తరువాత నిజకర్తరి, నెలాఖరుకు కర్తరీ త్యాగము. తమిళనాట దీనినే అగ్నినక్షత్రమంటారు. కర్తరిలో మట్టి త్రవ్వరాదు, చెట్టు నాటరాదని మన ఇండ్లలో కట్టుబాటు. దానికి శాస్త్రకారులు ఏ కారణము చెప్పినా, తోటపని చేసేవారికి ఒక కారణము కంటికే కనబడుతుంది: ఆ రోజులలో కదిలించిన వేరు మళ్లీ నేల పట్టదు.

కాబట్టి లెక్క వెనుకనుండి వేయండి. జినియా విత్తినది మొదలు మొదటి పువ్వుకు సుమారు 50 నుండి 60 రోజులు. మార్చి 10వ తేదీన విత్తితే మే 4వ తేదీకి 55 రోజులు. అనగా కర్తరి అడుగుపెట్టే రోజుకు మీ మొక్క వేరు దిగి, మొగ్గ తొడిగి, సిద్ధముగా ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతున్నా అది పూస్తూనే ఉంటుంది. ఫిబ్రవరి మూడవ వారము నుండి మార్చి మధ్య వరకు ఈ పూలకు మంచి అదను. అది దాటితే తొందరపడవద్దు. జూన్ 7, 8 తేదీలలో మృగశిర కార్తె ప్రవేశించి మొదటి జల్లులు పడినాక వేయండి. తమిళనాడులో మాత్రము ఆ జల్లులను నమ్ముకోరాదు, అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు. అక్కడివారు జూన్‌లో వేసినా నీళ్లు చేతితోనే పోయవలెను.

బంతిని ఎండాకాలపు పువ్వుగా పెంచవద్దు. బతుకుతుంది గాని పువ్వు చిన్నదవుతుంది. దానిని దసరాకు దాచుకోండి. పండుగకు 65, 70 రోజుల ముందు, అనగా ఆషాఢము చివర లేక శ్రావణము మొదట నారు పోస్తే సరిగా పండుగకు పువ్వు విచ్చుతుంది. నారు నాటిన నెలకు కొనను గిల్లివేస్తే కొమ్మలు ఎక్కువ వస్తవి.

విత్తే పద్ధతి

మట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి జల్లించండి. ఎరువు పచ్చిగా ఉంటే నారు కుళ్లుతుంది. పశువుల ఎరువు దొరకని పట్టణవాసులు వానపాముల ఎరువు, కొబ్బరి పీచు పొట్టు వాడవచ్చును. నారుకు మట్టికుండీలు శ్రేష్ఠము. వాటి గోడలనుండి నీరు ఊరి ఆవిరి కావడముచేత లోపల చల్లగా ఉంటుంది, మన కూజా నీళ్లవలెనే. నల్ల ప్లాస్టిక్ సంచులు ఎండకు కాలి వేళ్లను ఉడకబెడతవి. అవే ఉన్నవారు వాటికి గోనెపట్ట చుట్టండి.

విత్తనము జాతినిబట్టి విత్తే తీరు మారుతుంది.

జినియా విత్తనము చదునుగా, బాణపు మొనవలె ఉంటుంది. పావు అంగుళము లోతున వేస్తే వారము లోపల మొలుస్తుంది. వేరు కదిలిస్తే అలిగే జాతి. వీలైతే ఉండవలసిన చోటనే విత్తండి.

కోడిజుట్టు విత్తనాలు ఆవాలకంటె సన్నని నల్లని మెరుపు గింజలు. నాచుపూల విత్తనాలు ధూళివలె ఉంటవి. ఈ రెండింటిని గుప్పెడు పొడి ఇసుకతో కలిపి చల్లితే సమముగా పడతవి. కోడిజుట్టు విత్తనముపై కప్పీ కప్పనట్లు మట్టి చల్లండి. నాచు విత్తనముమీద అదీ వద్దు, దానికి వెలుతురు తగలవలెను. అరచేతితో అదిమితే చాలును.

బిళ్లగన్నేరుకు దీనికి సరిగా విరుద్ధము. చీకటి ఉంటేనే మొలుస్తుంది. పావు అంగుళము మట్టి కప్పి, పైన గోనెపట్ట పరచండి. ఒకటి రెండు వారాలు ఓపిక పట్టవలెను.

బొగడబంతి విత్తనము నూగులో చుట్టుకొని ఉంటుంది. ఒక రాత్రి నానబెట్టి విత్తండి. పది నుండి పదునాలుగు రోజులకు మొలుస్తుంది.

చంద్రకాంత, శంఖుపువ్వు గింజలు గట్టివి. శంఖుపువ్వు గింజను గరుకు రాతిమీద ఒకవైపు కొద్దిగా అరగదీసి, ఆపైన రాత్రి నానవేస్తే పైతోలు మెత్తబడుతుంది. అలా చేయకపోతే కొన్ని వారము లోపల, కొన్ని నెలకు మొలిచి మీ సహనమును పరీక్షిస్తవి. చంద్రకాంత గింజలు అచ్చముగా మిరియాలవలె ఉంటవి, విషము సుమా! పోపుల డబ్బా దరిదాపులలోను, చంటిపిల్లలకు అందేచోటను ఉంచరాదు.

ఇక చీమలు. విత్తిన మరునాటికి సగము గింజలు చీమల పుట్టలో ఉంటవి. మనము మాత్రము విత్తనాలు పుచ్చినవని అంగడివానిని తిట్టుకుంటాము. నీళ్లు పోసిన పళ్లెములో ఇటుక పెట్టి, ఇటుకమీద నారుకుండీ ఉంచండి. చీమ దాటదు. ఆ పళ్లెము నీళ్లను రెండు రోజులకొకసారి పారబోయండి, లేకపోతే దోమలు పెరుగుతవి.

మొదటి పదునైదు రోజులు

విత్తడము ఎప్పుడూ సాయంకాలమే. విత్తిన వెంటనే సన్నని జల్లుతో తడిపి తడిగోనె కప్పండి (నాచు విత్తనానికి మాత్రము గోనె వద్దు, పలుచని తెల్లబట్ట చాలును). రోజూ ఉదయము గోనె ఎత్తి చూడండి. నాలుగు మొలకలు తల ఎత్తగానే తీసివేయవలెను. ఒక్కరోజు ఆలస్యమైతే మొలకలు వెలుతురు కోసము తీగలవలె సాగి, తరువాత నిలవలేవు.

ఆపైన వారము రోజులు ఉదయపు ఎండ తగిలి, పది గంటల తరువాత నీడ ఉండే చోట ఉంచండి. నీడకు పాత పంచె, అల్లిన కొబ్బరి మట్ట, ఇప్పుడు అంగళ్లలో అమ్మే పచ్చవల, ఏదైనా సరే. రెండవ వారములో రోజుకు అరగంట చొప్పున ఎండ పెంచండి. నాలుగైదు ఆకులు వచ్చినాక, మబ్బు పట్టిన సాయంకాలము చూచి నాటండి. నాటిన మూడు రోజులు మళ్లీ నీడ.

నీళ్లు ఉదయము పెందలకడ, సాయంకాలము ఎండ తగ్గినాక. గంట చూచి కాదు, మట్టి చూచి పోయండి. వేలు రెండు కణుపులు దించితే తడి తగిలిందా, ఆ పూట వద్దు. 2016 జనవరిలో భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో జినియా పువ్వు పూచినది. అక్కడ కూడ ముందు తడి ఎక్కువై ఆకులకు బూజు పట్టినది. అప్పుడు స్కాట్ కెల్లీ అను వ్యోమగామి, కాగితముమీది వేళలను ప్రక్కన పెట్టి, మొక్కను చూచి నీళ్లు పోసే అనుమతి అడిగి తీసుకొని వాటిని బతికించినాడు. ఆకాశములో పనికివచ్చిన పద్ధతి మన వసారాలో పనికిరాదా?

కర్తరి వచ్చినాక

వేరు దిగిన మొక్కకు రోజూ కొంచెము కొంచెము చల్లరాదు. అలా చల్లితే వేళ్లు తడికోసము పైపైకే వస్తవి, పైన నిప్పు. నేలలోని మొక్కకు రెండు మూడు రోజులకొకసారి లోతుగా తడిసేటట్లు పోయండి. కుండీలకు మాత్రము రోజూ కావలెను. గొట్టములో నిలిచిన నీరు కాగి ఉంటుంది, ముందు కొంత వదిలివేసి పట్టండి. మొదట రెండు అంగుళాల మందాన ఎండుటాకులుగాని కొబ్బరి పీచుగాని పరచండి, కాడకు తగలకుండ. మిట్టమధ్యాహ్నము ఆకులు వాలినంత మాత్రాన కంగారుపడవద్దు. సాయంకాలానికి లేచి నిలిస్తే దానికి ఏ లోపమూ లేదు. ఎరువులు ఈ నెలలో మానండి. వాడిన పువ్వులను త్రుంచుతూ ఉంటే కొత్త మొగ్గలు వస్తూ ఉంటవి.

ఎండలలో రెండు తెగలున్నవి. షోలాపురము, బళ్లారి వంటి ఊళ్లది పొడి ఎండ. అక్కడ మొక్క ఎండిపోతుంది గాని కుళ్లదు. జినియా అక్కడ రాణి. యానాము, బరంపురము సముద్రపు గాలి ఊళ్లు. అక్కడి ఉక్కకు జినియా ఆకుమీద బూడిద తెగులు, మచ్చ తెగులు వస్తవి. మొక్కలను దూరము దూరముగా నాటి, ఆకులు తడపకుండ మొదట పోయవలెను. ఆ ఊళ్లకు బొగడబంతి, నాచుపూలు నమ్మకమైనవి. బిళ్లగన్నేరు ఎక్కడైనా సరే, నీరు నిలిస్తే మాత్రము మొదలు కుళ్లుతుంది. హోసూరు, బెంగుళూరు వంటి ఎత్తైన ఊళ్లవారికి ఇన్ని జాగ్రత్తలు అక్కరలేదు.

బిళ్లగన్నేరు గురించి ఒక హెచ్చరిక. ఈ మొక్కనుండి తీసిన విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అను మందులను కాన్సరు చికిత్సలో వైద్యులు వాడుతున్నారు. అది ఎంత బలమైన మొక్కయో దీనినిబట్టి గ్రహించండి. చక్కెర వ్యాధికని దాని ఆకులు నమలడము ప్రమాదము. పువ్వు చూడడానికే, దేవునికే.

విత్తనము ప్రాణమున్న వస్తువు

ఇక అసలు మాట. మన పాత కుటుంబాలలో అవ్వలు, నాయనమ్మలు కోడిజుట్టు, బంతి, చంద్రకాంత విత్తనాలను గుడ్డముక్కలలో మూటకట్టి, కూతురు కాపురానికి వెళ్లేటప్పుడు ఒడిలో వేసి పంపేవారు. ఊరు మారినా, చుట్టూ భాష మారినా ఆ రంగు, ఆ జడ మారలేదు. ఇప్పుడు ఆ మూటలు ఏ పాత డబ్బాలోనో ఉన్నవి. ఉన్నవి గదా అని మనము నిశ్చింతగా ఉన్నాము. కాని విత్తనము బంగారము కాదు, దాచినంతకాలము ఉండడానికి. అది నిద్రపోయే ప్రాణి. లోపల సన్నగా శ్వాస ఆడుతూనే ఉంటుంది. వేడి, తడి తగిలినకొద్ది ఆ శ్వాస త్వరగా అయిపోతుంది.

విత్తన శాస్త్రజ్ఞులు స్థూలముగా ఒక సూత్రము చెబుతారు: గింజలోని తేమ నూటికి ఒక వంతు తగ్గితే దాని ఆయువు రెట్టింపు, ఉంచిన చోటి వేడి అయిదు డిగ్రీలు తగ్గితే మరొక రెట్టింపు. ఇజ్రాయిల్ దేశములో మృతసముద్రపు ఒడ్డున, మసాదా కోటలో దొరికిన సుమారు రెండువేల యేండ్లనాటి ఖర్జూరపు గింజ 2005లో మొలిచినది. ఆ ఎడారి పొడిదనమే దానిని కాపాడినది. మన వంటింటి ఉక్కలో బంతి గింజ రెండు మూడేండ్లకంటె ఆగదు.

కాబట్టి ఈ వారమే ఆ డబ్బాలు తెరవండి. పది గింజలు తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ పది రోజులు చూడండి. ఏడెనిమిది మొలిస్తే విత్తనము గట్టిది. మూడు నాలుగే మొలిస్తే ఒత్తుగా చల్లండి. ఒక్కటి మొలిచినదా, ఇక వచ్చే ఏడాదికని ఒక్క గింజ కూడ మిగల్చవద్దు. అన్నీ ఈ ఏడే విత్తండి. ఆ ఒక్క మొక్కనుండి మళ్లీ వందల గింజలు వస్తవి. ఈ ఏడు మానితే ఆ వంశము మీ ఇంట అంతరించినట్లే.

కొత్తగా కొనేవారు పొట్లముమీద చూడండి. సంకరజాతి, అనగా ఎఫ్1 హైబ్రిడ్ అని ఉంటే పువ్వు ముద్దగా వస్తుంది గాని, దాని గింజ విత్తితే తల్లి రూపము రాదు. గింజ దాచుకోదలచినవారు మామూలు రకాలనే కొనండి. బంతిలో ఢిల్లీ భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా నారంగి గేందా, పూసా బసంతి గేందా అటువంటివి.

గింజ తీయడము సులభము. అన్నిటికంటె మంచి మొక్కకు, పూచేటప్పుడే దారము కట్టి గుర్తుపెట్టండి. పువ్వును మొక్కమీదనే ఎండనిచ్చి, పొడి మధ్యాహ్నము కోయండి. బంతిలో నిండుగా ఉన్న నల్లని పుల్లలే గింజలు. కోడిజుట్టును తెల్లగుడ్డమీద దులపండి. బిళ్లగన్నేరు కాయను పసుపు తిరగగానే, పగలక ముందే కోయవలెను. నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, జల్లించిన పొడిబూడిద కలిపి గాజుసీసాలో బిగించండి; బూడిద తేమను లాగుతుంది. పేరు, నెల, సంవత్సరము వ్రాసిన చీటీ లోపల వేయండి. ఫ్రిజ్ ఉన్నవారు సీసాను దానిలో పెట్టండి. బయటికి తీసినప్పుడు చల్లదనము పోయినాకనే మూత తెరవండి, లేకపోతే గింజకు చెమ్మ పడుతుంది.

అంగడిలో ఏమని అడగవలె?

ఇంట తెలుగు పేరు, అంగడిలో మరొక పేరు – ఇది మనందరి అనుభవమే. తమిళనాడులో బొగడబంతిని వాడామల్లి అని, బిళ్లగన్నేరును నిత్యకల్యాణి అని, చంద్రకాంతను అందిమందారై అని, బంతిని సెండుమల్లి అని అడగండి. కన్నడములో బంతి చెండు హూవు, చంద్రకాంత సంజెమల్లిగె. మరాఠీలో బంతి ఝెండూ, బిళ్లగన్నేరు సదాఫులీ, చంద్రకాంత గుల్‌బక్షీ. ఒడియాలో బంతి గెండు. అంగడి పేరు అంగడికే. ఇంట పిల్లలకు మాత్రము సీతమ్మవారి జడ అనే చెప్పండి.

మన సంఘములో ఉగాదికి నలుగురము కలిసినప్పుడు, ఎవరింట ఏ పాతవిత్తనము మిగిలినదో అది చిటికెడు పొట్లము కట్టి తెచ్చి మార్చుకుందాము. అప్పటికి కర్తరి అదను దాటినా మృగశిర ఉండనే ఉన్నది. ఒక ఇంట పోయినది ఇంకొక ఇంట నిలుస్తుంది. ఈ నెలకు ఇంతే పని: డబ్బా తెరవండి, పది గింజలు నానవేయండి.